ముప్పై రెండో కాలేయం

ఫిబ్రవరి 12, 2025. మార్కాపురం

శ్యాంసన్ కాలేయంలో కొవ్వు తగ్గలేదు సరికదా, పెరిగింది! పోయిన నెల 268. ఇవాళ 301. కొవ్వు కొలిచే యంత్రం తప్పు చూపిస్తోందేమోనని మూడుసార్లు చూశాను. మా నర్సు రెబెకాను పడుకోబెట్టి ఆమెదీ చూశాను. ఆమెది 190. యంత్రం శుభ్రంగానే పనిచేస్తోంది.

అంకె 230కి దిగితే తప్ప హైదరాబాదులో సర్జన్ మాలకొండయ్యగారు కత్తి పట్టుకోరు. కొవ్వు పట్టిన కాలేయాన్ని కోసి ఇంకొకరికి పెడితే ఇచ్చినవాళ్ళకీ ముప్పే, పుచ్చుకున్నవాళ్ళకీ ముప్పే. ఈ పాఠం పదిహేనేళ్ళుగా ఊరూరా చెబుతున్నది నేనే. ఇప్పుడు సొంత చెల్లెలి మొగుడికి చెప్పలేక చస్తున్నాను.

"ఏం తింటున్నావయ్యా?" అని అడిగాను.

"మామూలే వదినా" అన్నాడు, తల వంచుకుని. పలకల లారీ తోలే మనిషి, దోర్నాల ఘాట్‌లో ఎదురొచ్చే బస్సుకు కూడా దారివ్వడంటారు. నా ముందు మాత్రం బడిపిల్లాడిలా నిలబడతాడు. అబద్ధం చెబుతున్నాడు.

అతని కాలేయం ముక్క కోసం ఎదురుచూస్తున్న నా చెల్లెలు రూబీకి ఉన్నది ఇంకో రెండు నెలలు, మహా అయితే రెండున్నర.

ఫిబ్రవరి 13. పాలెం

దొంగ దొరికాడు. ఒక్కడు కాదు, పాలెం పాలెమంతా దొంగలే.

పుల్లలచెరువు నుంచి ఆటో దిగి చెప్పాపెట్టకుండా రూబీ ఇంటికి వెళ్ళేసరికి మధ్యాహ్నం ఒంటిగంట. శ్యాంసన్ పీట మీద కూర్చుని ఉన్నాడు. పళ్ళెంలో మేక కార్జం వేపుడు, రెండు ఉడకబెట్టిన గుడ్లు, నెయ్యి తేలుతున్న అన్నం. పక్కన వాళ్ళమ్మ సౌభాగ్యమ్మత్త, గరిటె పట్టుకుని కాపలా.

"ఏందత్తా ఇది?"

"ఏందంటే ఏం జెప్పేది? కార్జం ఇచ్చేటోడికి కార్జం పెట్టకుండా ఏం పెడతారు పాపా? సగం కోసి తీస్తారంట గదా. ఊరకుండే ఎట్ల పూడ్చుకుంటాడు నా బిడ్డ?"

అప్పుడు బయటపడింది. మేకలు కోసే అంకన్న, కోసినప్పుడల్లా కార్జం ఎవరికీ అమ్మకుండా వీళ్ళకు పంపిస్తున్నాడట. అతని ఇద్దరు పిల్లలూ అంగన్వాడీలో రూబీ దగ్గర అక్షరాలు దిద్దినవాళ్ళే. ఒకింటి నుంచి గుడ్లు, ఒకింటి నుంచి నెయ్యి, ఇంకొకింటి నుంచి సున్నుండలు. నెల రోజులుగా వంతులేసుకుని మరీ పెడుతున్నారు. పెళ్ళికొడుకును మేపినట్టు మేపారు!

నేను అరిచాను. గొంతు పోయేలా అరిచాను. ప్రేమతో చంపుతున్నారు, మీ నెయ్యి మా చెల్లెలికి ఉరితాడు అన్నాను. సౌభాగ్యమ్మత్త గరిటె పడేసి కొంగు నోట్లో కుక్కుకుంది. శ్యాంసన్ పళ్ళెం దూరంగా నెట్టేశాడు.

లోపల మంచం మీద నుంచి రూబీ నవ్వింది. పసుపు ముద్దలాంటి మొహం, నీరు పట్టి ఎత్తుగా లేచిన పొట్ట, అయినా ఆ నవ్వు మాత్రం చెడలేదు. "వాళ్ళని తిట్టొద్దక్కా. నాకు లివర్ పోయిందంటే తాగుడు మరిగిందేమో అని గుసగుసలాడిన జనమే వీళ్ళు. ఇప్పుడు గుడ్లు పంపిస్తన్నారు. అదే పదేలు అనుకో."

సొంత ఒంటి బలగమే తిరగబడి కాలేయాన్ని తినేసే జబ్బు తనది. చుక్క ముట్టని మనిషి. ఇది ఎన్నిసార్లు వివరించినా ఊరికి అర్థం కాలేదు.

ఫిబ్రవరి 14

నాదీ చూసుకున్నాను. అంకె ఇక్కడ రాయను.

రూబీ బ్లడ్ గ్రూపూ నాదీ ఒకటే. అందులో కొత్తేమీ లేదు, అమ్మ ఉన్నప్పటి నుంచీ తెలుసు. నన్నెవరూ అడగలేదు. అయినా దాతల కొవ్వు దించే నా పరిశోధన నడపడానికి ఒకరు కాళ్ళ మీద నిలబడి ఉండాలి కదా.

ఫిబ్రవరి 20. హైదరాబాదు

మాలకొండయ్యగారు రూబీ రిపోర్టులు చూసి కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. ఆయన కళ్ళజోడు తీస్తే మంచి మాట రాదు.

"ఏప్రిల్ నెలాఖరు. అది దాటితే ఆపరేషన్ తట్టుకునే ఓపిక ఆ పిల్లకు ఉండదు. చనిపోయినవాళ్ళ నుంచి వచ్చే అవయవాల జాబితాలో మీకంటే ముందు చాలామంది ఉన్నారు. ఇంట్లో దాత వేరే ఎవరూ లేరా?"

"శ్యాంసన్ తగ్గుతాడు సార్. నలభై రోజులు చాలు."

"మీ నలభై రోజుల సిద్ధాంతమేనా?" అని నవ్వారు. ఎగతాళి అనలేను, జాలి అంటే సరిపోతుంది. కొవ్వు ఉందని వెనక్కి పంపేస్తున్న దాతల్లో సగం మందిని పల్లె తిండితో నలభై రోజుల్లో దారికి తేవచ్చని నా వాదన. ఎథిక్స్ కమిటీ ఒప్పుకుని ఏడాది దాటింది. మనుషులే నిలవలేదు. తొమ్మిది మంది చేరితే పదో రోజుకు తొమ్మిది మందీ జారుకున్నారు. అన్నం మానమంటే మా వైపు వాళ్ళు ఆస్తి రాసిమ్మన్నట్టు చూస్తారు.

"సిద్ధాంతం బాగానే ఉంది డాక్టర్ ఫెబీ. పాటించే మనిషిని చూపించండి" అన్నారు.

చూపిస్తాను. చూపించకపోతే నా పేరు ఫెబీ కాదు.

ఫిబ్రవరి 26

రూబీ పొట్ట నుంచి అయిదు లీటర్లు తీశారు. వారంలో మళ్ళీ నిండుతుంది.

మార్చి 2, ఆదివారం. పాలెం

ఇన్నాళ్ళూ ఎదురుగా పెట్టుకుని వెతుకుతున్నానా! నాకంటే మొద్దు ఎవరైనా ఉంటారా?

గుడిలో పాస్టరు యేసుబాబు అయ్యగారు ప్రకటనలు చదువుతున్నారు. బుధవారం నుంచి శ్రమల దినాలు, నలభై రోజులు, ఉపవాసం ఉండదలచినవాళ్ళు పేర్లు ఇవ్వాలి. చేతులు లేస్తున్నాయి. పొద్దంతా చేలో మిరపకాయలు కోసే ఆడవాళ్ళు, బస్తాలు మోసే మగవాళ్ళు. డాక్టరు చెబితే పది రోజులు ఆగలేని జనమే. నేనే చిన్నప్పుడు అమ్మ పక్కన కూర్చుని సాయంత్రం దాకా మంచినీళ్ళతో ఉన్నదాన్ని.

మా దగ్గర ఉపవాసానికి ఒక తిరకాసు ఉంది. పగలంతా కడుపు మాడ్చుకుంటారు. సాయంత్రం కూటం అయ్యాక వంతుల ప్రకారం ఒక్కో ఇంటివాళ్ళు ఉపవాసం విడిపించాలి. ఎవరి వంతు వాళ్ళకు పరువు సమస్య. ఒకరు పాయసం పెడితే మర్నాడు ఇంకొకరు బూరెలు, ఆ మర్నాడు చికెన్ బిర్యానీ. నలభై రోజులు ఉపవాసం చేసి మూడు కిలోలు పెరిగినవాళ్ళను నేనెరుగుదును.

కూటం అయ్యాక అయ్యగారిని పట్టుకున్నాను. "ఉపవాసం మీరు పెట్టించండి. విడిపించే గిన్నె మాత్రం నాకు వదిలెయ్యండి."

ఆయన గడ్డం నిమురుకున్నారు. "దేవుని పనిలో నీ లెక్కలేందమ్మా?"

"అయ్యగారూ, రూబీ కోసం నెల రోజులుగా ప్రార్థన చేస్తున్నారు. ఆ ప్రార్థనకు అడ్డం పడింది మీ బూరెలే."

మనిషి నవ్వేశాడు. మళ్ళీ మైకు తీసుకున్నాడు. "మన రూబీ టీచరమ్మ కోసం, శ్యాంసన్ కోసం, ఈ నలభై దినాలు శ్యాంసన్ ఏం తింటే మనమూ అదే తిందాం. దాటినోళ్ళు సాయంత్రం కూటంలో లేచి ఒప్పుకోవాల. సమ్మతమేనా?"

ముప్పై ఒక్క మంది సంతకాలు చేశారు, అంకన్నతో, శ్యాంసన్‌తో కలిపి. నా కాగితాలన్నీ చదివి వినిపించి మరీ చేయించాను. అంకన్నది హిందూ ఇల్లు, గుడి మెట్లెక్కడు. బయట వేపచెట్టు కింద నిలబడి, "నా పేరు గూడ రాయమ్మా. కార్జం పంపించింది నేనే గదా" అన్నాడు.

మార్చి 5. మొదటి రోజు

ఒకటే గిన్నె, కొర్రన్నం, గోంగూర పప్పు, పలచటి మజ్జిగ. తూచి పెట్టాను. తెల్లవారుజామున కొండ అంచు దాకా నడక. అందరూ నన్ను చూస్తుంటే నేనొక్కదాన్నే ఇడ్లీ తినలేను కదా. నేనూ అదే తిన్నాను. మనుషుల కోసం చేస్తున్న నాటకం ఇది, అంతే.

మార్చి 9

ఆకలి. ఇంకేమీ రాయబుద్ధి కావడం లేదు.

మార్చి 12. ఎనిమిదో రోజు

నిన్న సాయంత్రం కూటంలో ఒక పెద్దాయన లేచి చేతులు కట్టుకుని, "అయ్యగారూ, దొనకొండలో పెండ్లికి బోయినా. లడ్డు ఒకటి... రెండు తిన్నా" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. అందరూ మోకరించి ఆయన కోసం ప్రార్థన చేశారు. నా చదువులో ఎక్కడా లేని మందు ఇది! పది మంది ముందు లేచి నిలబడి లడ్డు లెక్క చెప్పడం కంటే నోరు కట్టుకోవడమే సులువు అనుకుంటున్నారు అందరూ.

సౌభాగ్యమ్మత్త సంగతి చెప్పక్కర్లేదు. గరిటె మళ్ళీ చేతికొచ్చింది, కాపలా మాత్రం అటుది ఇటైంది. శ్యాంసన్ లారీ ఎక్కేటప్పుడు క్యాబిన్ వెతుకుతుంది. నిన్న వేరుశనగ ఉండ పొట్లం ఒకటి దొరికితే వీధిలోకి విసిరేసింది. "ఆ పిల్ల పానం మీద కన్నా నీ నాలిక మీద తీపి ఎక్కువైందిరా నీకు?" అంది.  తర్వాత నా దగ్గరకు వచ్చి మెల్లగా, "నా వల్లే కదా పాపా నెల రోజులు పాడైనయి" అంది. తెలియక చేశావత్తా అన్నాను. ఆ రోజు అరిచినందుకు క్షమాపణ అడగాలి. అడగలేదు.

మార్చి 19

పొద్దున రూబీ నన్ను "అమ్మా" అని పిలిచింది. ఏ ఊళ్ళో ఉన్నామో చెప్పలేకపోయింది. రక్తంలో చేరిన విషం మెదడుకెక్కింది. మార్కాపురం తీసుకొచ్చి మందులిస్తే సాయంత్రానికి తేరుకుంది. "పొద్దున ఏం మాట్లాడినానక్కా?" అని అడిగింది. ఏమీ లేదన్నాను.

శ్యాంసన్ ఇవాళ 262. దిగుతోంది. దిగుతోంది!

నన్నెవరూ అడగలేదు. శ్యాంసన్ దిగుతున్నాడు కాబట్టి అడగాల్సిన అవసరం కూడా లేదు.

మార్చి 27

సౌభాగ్యమ్మత్త నన్ను ఎగాదిగా చూసి, "నీ జాకెట్లు వదులైనయి పాపా. నీది గూడ ఒకసారి ఆ మిషన్ మీద చూసుకోరాదా?" అంది.

"యంత్రం పట్టుకునే చెయ్యి నాదైతే నన్నెవరు చూస్తారత్తా?" అన్నాను.

ఎదురుగా రెబెకా నిలబడి ఉంది. ఫిబ్రవరిలో నా అంకె చూసింది ఆమే. ఇప్పుడు నన్ను చూసిన చూపు నాకు నచ్చలేదు.

ఏప్రిల్ 10. పాలెం

ముప్పై ఒక్క మందిలో ఇరవై ఏడు మంది 230 కంటే కిందికి దిగారు! మిగతా నలుగురూ సగం దూరం వచ్చారు. అంకన్న 305 నుంచి 224. శ్యాంసన్ 219. రెండొందల పంతొమ్మిది!

వేపచెట్టు కింద ఒక్కొక్క అంకె చదివి వినిపించాను. ప్రతి అంకెకూ చప్పట్లు, పరీక్ష పాసైన పిల్లల్లా ఒకరినొకరు వీపు చరుచుకున్నారు. ఏడాదిగా నా పెట్టెలో మూలుగుతున్న కాగితానికి ఈ మెట్టపొలం జనం ప్రాణం పోశారు. మాలకొండయ్యగారికి పట్టిక పంపితే పది నిమిషాల్లో ఫోను. "ఇది నిజమేనా?" అని రెండుసార్లు అడిగారు. "నిజమే అయితే, నేను ఇన్నేళ్ళూ ఎంతమందిని ఊరికే వెనక్కి పంపానో" అని ఆగిపోయారు. ఆయన నోట ఆ మాట వింటానని కల్లో కూడా అనుకోలేదు. ఈ రోజు నాది. మా ఊరిది.

ఏప్రిల్ 15. హైదరాబాదు

కొవ్వు దిగాక శ్యాంసన్‌కు సీటీ తీశారు. కాలేయం పరిమాణం చిన్నది. రూబీకి కావలసింది తీస్తే అతనికి మిగిలేది నూటికి ఇరవై ఆరు వంతులు. ముప్పై ఉండాలి. ఇది పుట్టుకతో వచ్చిన కొలత. ఏ ఉపవాసమూ దీన్ని మార్చదు.

శ్యాంసన్ కారిడార్లో గోడకు తల కొట్టుకున్నాడు. "తీసుకోమనండి వదినా! నాకేమైనా పర్లేదని సంతకం పెడతా!" పట్టుకోవడానికి ఇద్దరు వార్డుబాయిలు కావలసి వచ్చింది.

ఇంకా పదిహేను రోజులు. మాలకొండయ్యగారు మళ్ళీ కళ్ళజోడు తీశారు. వేరే ఎవరూ లేరా అని ఈసారి అడగలేదు. నా వైపు చూశారంతే.

నన్నెవరూ

ఏప్రిల్ 16. మార్కాపురం

పూర్తిగా రాస్తాను. ఈ పుస్తకంలో కూడా అబద్ధాలాడితే ఇక ఎక్కడ నిజం చెబుతాను?

రూబీ మంచం పక్కన కూర్చుని, "శ్యాంసన్‌ది కుదరదు" అన్నాను. తనకు ముందే తెలిసినట్టుంది, తల ఊపింది. అప్పుడు నా నోట్లోంచి ఆ మాట తన్నుకొచ్చింది. "నన్నెందుకు అడగలేదు నువ్వు? ఒక్కరైనా ఎందుకు అడగలేదు?"

"నేనే అడగొద్దన్నా" అంది రూబీ. "మొదటి రోజే అందరి చేతా ఒట్టు వేయించినా. మీ అక్కయ్యది అదే గ్రూపు గదా అని అత్తయ్య వంద తడవలు అనింది. నేనే నోరు మూయించినా."

"ఎందుకే?"

"నీకు కత్తంటే భయం గదక్కా. చిన్నప్పుడు ముల్లు తీయించుకోవాలన్నా ఊరంతా పరిగెత్తేదానివి. అడిగితే నువ్వు కాదంటావు. నువ్వు కాదంటే నాకు అక్క లేకుండా పోతాది. లివరు లేకుండా పోతే పోనీ గానీ, అది మాత్రం తట్టుకోలేను."

నేను ఏడ్చాను. ఛీ, పదిహేనేళ్ళుగా కాలేయాలు కోసే గదుల్లో తిరిగి, ఎవరెవరి బిడ్డలకో ధైర్యం చెప్పి, సంతకాలు పెట్టించిన మనిషిని! ఎవరూ అడగలేదని, శ్యాంసన్ ఉన్నాడని, పరిశోధన ఉందని ఎన్ని గోడలు కట్టుకున్నాను. నాది భయం. ఒట్టి భయం. ఫిబ్రవరిలో నా అంకె 312. శ్యాంసన్ కంటే ఎక్కువ. అది చూసి నేను బాధపడలేదు, హమ్మయ్య అనుకున్నాను. అదీ నేను రాయనిది.

రెబెకాను పిలిచాను. పక్క గదిలో బల్ల మీద పడుకున్నాను. యంత్రం పక్కటెముకల మధ్య టక్ టక్ అని తట్టింది, పదిసార్లు. జనం నన్ను చూస్తున్నారని నలభై రోజులు తిన్న కొర్రన్నం, కొండ అంచు దాకా నడిచిన నడక. నాటకమనుకున్నాను. కాలేయానికి నాటకం తెలియదు కదా.

"మేడం" అంది రెబెకా. తెర నా వైపు తిప్పింది. "226."

ఏప్రిల్ 20. ఈస్టర్. హైదరాబాదు

సీటీ అయింది. నాకు మిగిలేది నూటికి ముప్పై ఎనిమిది. ఇంతకాలం నా బొద్దుతనాన్ని తిట్టుకున్నాను గాని, కాలేయం మాత్రం దేవుడు ధారాళంగా ఇచ్చాడు. అక్కాచెల్లెళ్ళం కనక అనుమతి పత్రాలు తొందరగానే నడుస్తున్నాయి.

పాలెం నుంచి అయ్యగారి ఫోను. గుడిలో విషయం చెబితే సౌభాగ్యమ్మత్త లేచి, "నేను ముందే జెప్పినా" అందట. అత్తను ఫోనులోకి పిలిపించి, ఆ రోజు అరిచినందుకు క్షమించమన్నాను. "అరుపులు ఎవరికి గావాల. నువ్వు భయపడమాక పాపా, మేమంతా నీతోనే మేలుకోనుంటాం" అంది.

ఏప్రిల్ 28

రేపు. భయంగా ఉంది. వెళ్తున్నాను.

మే 3

పెన్ను బరువుగా ఉంది. కుట్లు లాగుతున్నాయి. బతికే ఉన్నాను.

రూబీ కూడా!

మే 6

మాలకొండయ్యగారు వచ్చి నా మంచం పక్కన కుర్చీ లాక్కున్నారు. "మీ ముక్కను కలిపి బిగించిన క్లిప్పులు వదిలాం. నిమిషం కూడా పట్టలేదు, పింక్ రంగు తిరిగింది. బల్ల మీద ఉండగానే పైత్యరసం ఊరింది. బంగారం రంగు. ఇరవై ఏళ్ళలో అంత శుభ్రమైన కాలేయాన్ని చాలా తక్కువ సార్లు చూశాను. పెద్ద పని చేశారమ్మా." వెళ్ళబోతూ గుమ్మం దగ్గర ఆగి, కొవ్వుందని వెనక్కి పంపిన దాతలందరినీ మళ్ళీ పిలిపిస్తున్నానన్నారు. అప్పుడే పద్నాలుగు కుటుంబాలు వస్తామన్నాయట.

రూబీ కళ్ళు తెల్లబడ్డాయి. వీడియోలో చూశాను. తెల్లటి తెలుపు. రెండేళ్ళయింది ఆ కళ్ళు అట్లా చూసి.

జూన్ 30. పాలెం

నా కాలేయం మళ్ళీ పెరిగి దాదాపు మునుపటంత అయింది. రూబీది కూడా. వీధిలో జనం నన్ను ఆపి పొట్ట చూపించమంటున్నారు. సిగ్గులేకుండా చూపిస్తున్నాను.

నవంబరు 15. విజయవాడ

నా పేపరు చదివాను. పెద్ద హాలు, నాలుగు వందల మంది డాక్టర్లు. ముప్పై ఒక్క మంది అంకెలు, గ్రాఫులు, కొర్రన్నం గిన్నె ఫోటో. ముప్పై రెండో కాలేయం ఒకటుంది గాని అది రాసినవాళ్ళదే కనక లెక్కలో చేర్చలేదని చివర్లో ఒక వాక్యం మాత్రం పెట్టాను. శాస్త్రం అంతే ఒప్పుకుంటుంది.

ప్రశ్నల సమయంలో ముందు వరుసలో ఒక పెద్ద డాక్టరు మైకు తీసుకున్నారు. "కొవ్వు దిగింది, సంతోషం. కానీ ఇట్లా ఉపవాసంతో దించిన కాలేయం ఇంకొక మనిషి ఒంట్లో నిజంగా పని చేస్తుందని రుజువేమిటి?"

నేను జవాబు చెప్పేలోపే వెనక వరుసలో కుర్చీ చప్పుడైంది. శ్యాంసన్ ఆపబోయాడు, ఆమె వినలేదు. పచ్చ చీర కట్టుకుని, రెండు చేతులతో కొంగు సర్దుకుని రూబీ లేచి నిలబడింది. మైకు కూడా అడగలేదు. అంగన్వాడీ గొంతు, నలభై మంది పిల్లల గోల మీద వినిపించే గొంతు.

"అది నాలో ఉంది సార్. మా అక్కది. పొద్దున నాలుగిడ్లీలు తిని, మార్కాపురం నుంచి బస్సులో వచ్చినా. ఇంకేం గావాల్నో అడగండి, నేను జెప్తా."

 మాలకొండయ్యగారు లేచి చప్పట్లు మొదలుపెట్టారు. ప్రశ్న అడిగిన పెద్దాయన కూడా లేచారు. నాలుగు వందల మంది నిలబడి నా చెల్లెలికి చప్పట్లు కొడుతుంటే, వేదిక మీద మైకు పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాను. సిగ్గు లేదు నాకు, గర్వం ఉంది. ముక్కు తుడుచుకుని, తర్వాతి ప్రశ్న అడగమన్నాను.